బాత్రూమూ, టైల్సూ, అమ్మ బొటనవేలూ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు బాత్రూము బాగుచేయించి చూడు అని ఎందుకు అనలేదా అని ఈమధ్య బాగా ఆలోచించాను. వాళ్ళ కాలంలో బాత్రూము ఇంట్లో ఉండేది కాదు, అదీ సంగతి. పెరట్లో నాలుగు నాపరాళ్ళు పరిచి, మూడువైపులా తడికె కట్టి, పక్కన ఒక గాబు పెట్టుకుంటే స్నానాలగది తయారు. నీళ్ళు తిన్నగా అరటిపాదులోకి పోయేవి. లీకు అనే మాటకి అక్కడ అర్థమే లేదు, కింద ఇంకో ఫ్లాటు ఉంటే కదా!

మాకు ఉంది. హైదరాబాదులో నిజాంపేట వైపు, కట్టి పదమూడేళ్ళయిన అపార్టుమెంటులో మూడో అంతస్తు మాది. రెండు బాత్రూముల్లో చిన్నది అమ్మావాళ్ళ గదికి ఆనుకుని ఉంటుంది. ఐదడుగులు ఇంటూ ఏడడుగులు. పోయినేడాది దాన్ని మొత్తం పగలగొట్టించి మళ్ళీ చేయించాం. ముప్ఫయ్యైదు చదరపు అడుగుల ప్రాజెక్టు. నలభైమంది టీముతో నడిపిన ప్రాజెక్టులు చూశాను గానీ, ఇంత చిన్న జాగాలో ఇన్ని డిపెండెన్సీలు ఎక్కడా చూడలేదు.

మొదలుపెట్టడానికి కారణాలు రెండు. ఒకటి, కింది ఫ్లాటు అంకుల్ వాళ్ళ బాత్రూము సీలింగు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. పసుపు రంగు మరక, ఇంచుమించు భారతదేశ పటంలాగే ఉంది. "శ్రీలంక కూడా వచ్చేలోపు ఏదన్నా చెయ్యండి బాబూ" అని కింద రాశారు. మంచాయన. ఇంకొకరైతే అసోసియేషన్ గ్రూపులో పెట్టేవారు.

రెండో కారణం అమ్మ. స్నానానికి వెళ్ళేముందు అమ్మ ఒక చేత్తో కుళాయి పట్టుకుని, కాలితో నేలని తడిమి తడిమి అడుగేస్తోందని మా ఆవిడ గమనించింది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, రెండుసార్లు కాలు జారిందని. రెండుసార్లూ కుళాయే కాపాడిందట. "మీకు చెబితే కంగారుపడతారని" అంది. అమ్మకి డెబ్భైరెండు. మా పెద్దమ్మ 2016లో సరిగ్గా ఇలాగే బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కానీ ఆవిడ ఆ తర్వాత మంచం దిగలేదు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ అమ్మ పక్కనే ఉండి చూసుకుంది. అందుకే మాకు చెప్పలేదని నాకనిపిస్తుంది.

ఇంతకీ ఆ నేల మీద ఏముందంటే, రెండడుగులు ఇంటూ రెండడుగుల తెల్లని పాలిష్డ్ విట్రిఫైడ్ టైల్స్. హాల్లో ఉన్నవే. హాల్లో వెయ్యగా మిగిలినవి బిల్డరు బాత్రూముల్లోకి తోశాడని మా అపార్టుమెంటులో ఒక సిద్ధాంతం ఉంది. నిజమో కాదో గానీ, తొంభై ఫ్లాట్లలోనూ ఇదే నేల. ఆరి ఉంటే మొహం చూసుకోవచ్చు. తడిస్తే, అందులోనూ సబ్బు నురగ పడితే, గాజు పలక మీద నూనె పోసినట్టే. అమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. తెల్లటి నేల మీద నిలిచిన నీళ్ళు ఆవిడకి కనబడవు.

సరే, టైల్స్ షాపులకి బయలుదేరాం. కూకట్‌పల్లి నుంచి మియాపూరు దాకా రోడ్డుకి రెండువైపులా షాపులే. మీరెప్పుడైనా వెళ్ళారో లేదో, వాటిల్లో లైటింగు చూడాలి. నగల షాపుకి తీసిపోదు. అన్ని టైల్సూ గోడకి నిలబెట్టి ఉంటాయి, నేల మీద వేసేవి కూడా. అంటే మనం కాళ్ళతో వాడబోయే వస్తువుని కళ్ళతో ఎంచుకుంటాం. షర్టు రుచి చూసి కొన్నట్టు ఉంటుంది.

నాన్నకి మా బాబాయి వాళ్ళింట్లో చూసిన రెండడుగులు ఇంటూ నాలుగడుగుల మార్బుల్ ఫినిష్ పలకలు బాగా నచ్చాయి. "వేస్తే అలాంటివే వెయ్యాలిరా, మళ్ళీ మళ్ళీ చేయిస్తామా" అని. నేను నెమ్మదిగా యాంటీ స్కిడ్ చూపించమని షాపతన్ని అడిగాను. అతను ఒక మాట్ ఫినిష్ టైల్ తీసి, "ఇది ఆర్9 సార్, జారనే జారదు" అన్నాడు. తొమ్మిది అంటూ నొక్కి చెప్పాడు, పదికి తొమ్మిది మార్కులన్నట్టు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది డబ్బులు పోసి మరీ జారే నేల కొనుక్కుంటున్నారు. ఈ ఆర్ నంబర్లు జర్మనీ వాళ్ళ డిన్ 51130 అనే పరీక్షలోంచి వచ్చాయి. ఒక వాలు బల్ల మీద టైల్స్ పరుస్తారు, వాటి మీద ఇంజన్ ఆయిలు పోస్తారు. బూట్లు తొడుక్కున్న మనిషి, నడుముకి తాడు కట్టుకుని, దాని మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే బల్లని మెల్లగా పైకి లేపుతూ పోతారు. ఎన్ని డిగ్రీల దగ్గర అతని నడక తడబడిందో చూస్తారు. 6 నుంచి 10 డిగ్రీలు తట్టుకుంటే ఆర్9. 19 దాకా ఆర్10. 27 దాకా ఆర్11. 35 దాకా ఆర్12, ఆపైన ఆర్13. చూశారుగా, ఈ స్కేలు మొదలయ్యేదే ఆర్9తో! ఆర్8 లేదు, ఆర్1 లేదు. షాపతను ఫస్టు క్లాసు అన్నట్టు చెప్పింది పాసు మార్కు.

ఇంకో తిరకాసు ఉంది. అది బూట్ల కాళ్ళకీ నూనెకీ చేసిన పరీక్ష. కార్ఖానాలకీ పెద్ద వంటశాలలకీ పనికొస్తుంది. మనం బాత్రూములోకి బూట్లతో వెళ్ళం. వట్టి కాళ్ళకీ సబ్బు నీళ్ళకీ వేరే పరీక్ష ఉంది, డిన్ 51097. దాంట్లో ఏ, బీ, సీ అని మూడు తరగతులు. 12 డిగ్రీలు తట్టుకుంటే ఏ, 18 అయితే బీ, 24 అయితే సీ. ఇక్కడ ఏ అన్నింటికన్నా తక్కువ, సీ అన్నింటికన్నా ఎక్కువ. మార్కుల లిస్టులకి అలవాటుపడ్డ ప్రాణాలు కదా మనవి, ఇదీ తిరగేసే చదువుతాం. మన షాపుల్లో ఈ ఏ బీ సీల గురించి అడిగితే వింతగా చూశారు. కేటలాగులో వెతికితే కొన్ని కంపెనీల వాటిల్లో ఉంది.

రెండో ఆదివారం నేను ఒక చిన్న సీసాలో షాంపూ కలిపిన నీళ్ళు తీసుకెళ్ళాను. అమ్మని కూడా తీసుకెళ్ళాను. నాలుగైదు టైల్స్ కింద పెట్టించి, వాటి మీద ఆ నీళ్ళు పోసి, అమ్మని చెప్పులు విప్పి కాలు పెట్టి చూడమన్నాను. షాపు కుర్రాడు యజమాని వైపు చూశాడు, యజమాని నా వైపు చూశాడు. మా నాన్న అసలు మాకూ తనకీ సంబంధం లేనట్టు వాష్‌బేసిన్ల వైపు వెళ్ళిపోయారు.

అమ్మ కుర్రాడి భుజం పట్టుకుని, ఒక్కో టైల్ మీదా కుడికాలి బొటనవేలుతో రుద్ది చూసింది. మొదటిదానికి పెదవి విరిచింది. రెండోదీ అంతే. ఆర్9 గారిని కాలు పెట్టగానే తోసేసింది. నాలుగోదాని మీద వేలు ఆగింది. ముదురు బూడిదరంగు, అడుగు ఇంటూ అడుగు, పైన సన్నగా ఇసుక చల్లినట్టు గరుకు. "ఇది మన ఇంటి బండలాగుందిరా" అంది. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో పెరట్లో ఉన్నవి బేతంచెర్ల నాపరాళ్ళు, పాలిష్ పట్టనివి. అరవై ఏళ్ళు వాటి మీద తడికాళ్ళతో తిరిగిన మనిషి, జర్మనీ వాళ్ళ వాలుబల్ల అక్కర్లేకుండానే తేల్చేసింది. బాక్సు మీద చూస్తే ఆర్11, బీ అని ఉంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గరుకు ఎక్కువైతే అదీ కష్టమే. ఐదో టైల్ ఇంకా గరుకుగా ఉంది, పట్టు బ్రహ్మాండం, కానీ ఆ గుంటల్లో మట్టీ సబ్బూ చేరి, మా బోరునీళ్ళ సున్నం కూడా తోడై, ఆర్నెల్లలో తెల్లగా పాచిపట్టినట్టు అవుతుంది. దాన్ని వారం వారం బ్రష్షుతో రుద్దేది ఎవరు? మా ఇంట్లో పనికి వచ్చే లక్ష్మమ్మ. ఆవిడ మోకాళ్ళూ అమ్మ మోకాళ్ళలాంటివే. పట్టు ఎక్కువ ఉన్నదల్లా మంచిది కాదు, సరిపోయేంత ఉంటే చాలు.

పెద్ద పలకలు వద్దనడానికి జారుడు ఒక్కటే కారణం కాదు. ఇది నాన్నకి కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాల్సొచ్చింది. బాత్రూము నేల సమతలంగా ఉండకూడదు, నీళ్ళు నాణీ ట్రాప్ వైపు పోవాలి. మాది తలుపుకి ఎదురుగా, అవతలి గోడ మూల దగ్గర ఉంది. ఎనభైకి ఒకటి చొప్పున వాలు ఇస్తే ఏడడుగుల పొడవుకి దాదాపు 27 మిల్లీమీటర్లు దిగాలి, అంటే అంగుళం మీద కాస్త. ఒకే వైపుకి అయితే పెద్ద పలక కూడా వాలుతుంది. కానీ ట్రాప్ మూలన ఉంటే నేల పొడవునా వాలాలి, అడ్డంగానూ వాలాలి. నాలుగడుగుల పలక వంగదు కదా. ముక్కలు చెయ్యాలి, లేకపోతే వాలు మానెయ్యాలి. మేస్త్రీలు సాధారణంగా రెండోది చేస్తారు. అప్పుడు మూలల్లో నీళ్ళు నిలుస్తాయి, మనం వైపరు కొనుక్కుంటాం. అడుగు పలకలైతే వాలుకి సర్దుకుంటాయి. పైగా పలకకీ పలకకీ మధ్య ఉన్న సందులు కూడా కాలికి పట్టునిస్తాయి.

గోడలకి మాత్రం నాన్న మాట నెగ్గింది. అడుగు ఇంటూ రెండడుగులు, లేత మీగడ రంగు, నున్ననివి. గోడ మీద ఎవరూ నడవరు కాబట్టి నున్నగా ఉంటే తుడవడం తేలిక. నేల ముదురు, గోడ లేత కాబట్టి నేల ఎక్కడ ఆగిందో అమ్మకి తెలుస్తుంది. ఇది కంటిచూపు తగ్గినవాళ్ళున్న ఇళ్ళలో తప్పకుండా చూసుకోవాల్సిన విషయం. నేలా గోడా ఒకే రంగులో ఉంటే ఫొటోలో గది పెద్దగా కనిపిస్తుంది, నిజమే. కానీ అంచు తెలియదు.

లెక్క కూడా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నేల 35 చదరపు అడుగులు. గోడలు చుట్టుకొలత 24 అడుగులు ఇంటూ ఏడడుగుల ఎత్తు 168, అందులో తలుపూ వెంటిలేటరూ పోను 148. పది శాతం కోతలకీ పగుళ్ళకీ కలిపి నేలకి 40, గోడలకి 84 టైల్స్ తెచ్చాం. అన్ని బాక్సుల మీదా బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ ఒకటేనా అని గోడౌనులోనే చూసుకోవాలి. అన్నీ గుజరాత్‌లో మోర్బీ నుంచి వచ్చినవే, అదే కంపెనీ, అదే డిజైన్. కానీ ఒక బాక్సులో షేడ్ వేరు. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు, గోడకెక్కాక మాత్రం రోజూ తెలుస్తుంది. మార్పించాం. మొత్తం బిల్లు పదివేల చిల్లర. ఈ పదివేల వస్తువు కోసం నాలుగు ఆదివారాలు తిరిగాం. బాత్రూముకి మొత్తం అయిన ఖర్చు లక్షా ఇరవై వేలు. మిగతా లక్షా పదివేలలో ఎక్కువ భాగం మళ్ళీ ఎప్పటికీ కంటికి కనిపించని వాటికి పోయింది.

అసలు పని అక్కడే ఉంది. పగలగొట్టిన రోజు చూడాలి! మన అపార్టుమెంటుల్లో బాత్రూము దగ్గర స్లాబుని మిగతా ఇంటికన్నా కిందికి దించి పోస్తారు, పైపులు ఆ గుంటలోంచి పోవడానికి. తర్వాత ఆ గుంటని ఇటుక ముక్కలతో నింపి, పైన కాంక్రీటు వేసి, టైల్స్ వేస్తారు. మా గుంటలో ఇటుక ముక్కలన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని పిండితే నీళ్ళు వస్తాయేమో అనిపించింది. ట్రాప్ పైపు కీలు దగ్గర సందు. పదమూడేళ్ళుగా కొంచెం కొంచెంగా నీళ్ళు దిగి ఆ గుంట ఒక చెరువైంది, నిండాక అంకుల్ వాళ్ళ సీలింగులోకి అలుగు పారింది. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ తెరిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఏ పైపు ఎటు పోతుందో రాసినవాడు లేడు, బిల్డరు ఫోనెత్తడు.

చాలామంది అనుకునేది ఏంటంటే, టైల్స్ నీళ్ళని ఆపుతాయని. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చుకునేది అర శాతం లోపే, అది నిజం. కానీ టైల్స్ మధ్య సందులున్నాయే, అందులో నింపే సిమెంటు గ్రౌటు నీళ్ళని మెల్లగా లోపలికి పంపిస్తుంది. నీళ్ళని ఆపేది టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫింగు పూత. టైల్స్ దానికి చొక్కా మాత్రమే. అందుకని గుంట ఖాళీ చేయించి, స్లాబు ఆరనిచ్చి, పైపులు మార్పించి, సిమెంటు పాలిమర్ పూత రెండు పొరలు వేయించాం, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. గోడా నేలా కలిసేచోట ఫైబర్ మెష్ అతికించి దాని మీద పూత. షవరు ఉన్న గోడకి తలెత్తు దాకా. గుంట నింపాక పైన మళ్ళీ ఒకసారి.

పూత ఆరాక ట్రాప్ మూసేసి, నీళ్ళు నింపి, 48 గంటలు వదిలెయ్యాలి. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత. కింది ఫ్లాటు సీలింగు మీద కన్ను. మా మేస్త్రీకి నాకూ మొదటి పేచీ ఇక్కడే వచ్చింది. పాలమూరు వైపు మనిషి, యాభై దాటిన వయసు, పేరున్న పనివాడు. "ఇరవై ఏండ్ల సంది ఏస్తున్న సార్, ఎన్నడు కంప్లైంట్ రాలె. రెండు రోజులు ఉత్తగ కూసుంటే నా పిల్లలకు కూలెవరిస్తరు?" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు.

ఆ మాట నాకు రాత్రంతా బుర్రలో తిరిగింది. ఆయనకి మనం ఇచ్చేది చదరపు అడుగుకి ఇంత అని. ఎన్ని అడుగులు వేస్తే అంత డబ్బు. వాలు సరిగ్గా తెచ్చినందుకు రూపాయి ఎక్కువ రాదు, తేకపోతే రూపాయి తగ్గదు. 48 గంటలు ఆగితే ఆయనకి నష్టమే. మనకి లైన్ల లెక్కన జీతమిస్తే మనం ఎలాంటి కోడ్ రాస్తామో తెలియనిదా? పదివేల లైన్లు రాస్తాం, టెస్టు ఒక్కటీ రాయం. ఆ మాట మీద మనం మేనేజర్లతో గంటలు గంటలు వాదిస్తాం గానీ, మన ఇంటికి మేస్త్రీ వస్తే మాత్రం మొదటి ప్రశ్న "అడుక్కి ఎంత?" అనే. తర్వాత పని బాలేదని ఆడిపోసుకుంటాం. ఈమధ్య పనివాళ్ళలో నాణ్యత లేదు అనే మాట ఏ గృహప్రవేశానికి వెళ్ళినా వినిపిస్తుంది. నాణ్యతకి ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం ఎవరూ చెప్పరు.

పొద్దున్నే ఆయనతో కూర్చుని బేరం మార్చాను. గోడలకి అడుగు లెక్కే. నేలకి మాత్రం రోజు కూలి, ఎన్ని రోజులైనా సరే. నీళ్ళు నిలబెట్టిన రెండు రోజులకి ఆయనకీ ఇద్దరు కుర్రాళ్ళకీ సగం కూలి. నేల అయ్యాక మూల మూలకీ బకెట్టు నీళ్ళు పోస్తాం, ఎక్కడా మడుగు కట్టకుండా ట్రాప్‌లోకి పోతే పైన మూడువేలు. ఆయన కాసేపు గోడవైపు చూసి, "మూడువేలు నావే అనుకో సార్" అన్నాడు. మొత్తం మీద నాకు అదనంగా అయింది ఏడు వేలు. కిందింటి సీలింగు మళ్ళీ పాడయితే రంగులకే అంతకన్నా ఎక్కువ అవుతుంది.

ఆ తర్వాత మేస్త్రీ వేరే మనిషయ్యాడు. దారాలు కట్టి, ట్యూబు లెవెల్ పట్టి, నేల మీద సుద్దతో గీతలు గీసుకుని ఒక పూటంతా ఒక్క టైల్ కూడా పెట్టలేదు. ట్రాప్ చుట్టూ ఉన్న నాలుగు టైల్స్‌ని ఐమూలగా కోసి, పోస్టు కవరు వెనక మడతల్లాగా నాలుగువైపుల నుంచీ వాలు కలిసేలా కూర్చాడు. అలా కొయ్యమని నేను చెప్పలేదు, నాకు తెలియదు కూడా. "గిట్ల కోస్తె టైం పడ్తది సార్, అందుకే ఎవ్వరు కొయ్యరు" అన్నాడు. మా అబ్బాయి గోళీ తెచ్చి నేల మీద ఎక్కడ వదిలినా అది దొర్లుకుంటూ ట్రాప్ దగ్గరికే పోతోంది. మేస్త్రీ తనే రెండుసార్లు గోళీ అడిగి తీసుకున్నాడు.

గోడల దగ్గర చిన్న వాదన. మన దగ్గర పాత పద్ధతి, టైల్ వెనక సిమెంటు ముద్ద పెట్టి గోడకి తాటించి అతికించడం. ముద్దలకి మధ్య డొల్ల ఉండిపోతుంది, అక్కడ తడి చేరుతుంది, కొన్నేళ్ళకి టైల్ ఊడుతుంది. నీళ్ళు పెద్దగా పీల్చని విట్రిఫైడ్‌కైతే సిమెంటు పాలు సరిగ్గా పట్టవు కూడా. టైల్ అతికించే జిగురు సిమెంటులాగే పొడిగా బస్తాల్లో దొరుకుతుంది, దానికి ఐఎస్ 15477 అని మన ప్రమాణం కూడా ఉంది. పళ్ళున్న తాపీతో గోడంతా చారలుగా పరిచి టైల్ నొక్కాలి. మేస్త్రీ జిగురుకి ఒప్పుకున్నాడు గానీ, అలవాటు కొద్దీ గోడ టైల్స్‌ని బకెట్టులో నానబెట్టేశాడు. సిమెంటుకైతే నానబెట్టాలి, జిగురుకి అక్కర్లేదు, బస్తా మీదే రాసుంటుంది. మళ్ళీ ఆరబెట్టాం, బాల్కనీలో బట్టల పక్కన. మర్నాడు ఒక్కో టైల్‌నీ నాణెంతో తట్టి చూశాం. ఎనభై చిల్లరలో రెండు డొల్లగా మోగాయి. నేను నోరు తెరిచేలోపే ఆయనే పీకేసి మళ్ళీ అతికించాడు.

గ్రౌటు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. నేలకి ఎపాక్సీ వేయించాం. సిమెంటు గ్రౌటు కన్నా బాగా ఖరీదు, పని కూడా చిరాకు, త్వరగా గట్టిపడుతుంది, వెంటనే తుడవకపోతే టైల్ మీదే ఉండిపోతుంది. కానీ మన ఇళ్ళల్లో బాత్రూము కడగడమంటే యాసిడ్ పొయ్యడమే కదా. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. నెలకోసారి చొప్పున పోస్తుంటే రెండుమూడేళ్ళలో సందులన్నీ గుంటలవుతాయి, కింద ఉన్న పూత మీదకి నీళ్ళు తిన్నగా వెళతాయి. ఎపాక్సీ దాన్ని తట్టుకుంటుంది. లక్ష్మమ్మకి యాసిడ్ మానెయ్యమని చెప్పాం, మామూలు సబ్బుపొడి చాలని. "తెల్లగ గాకపోతే నన్ను అనొద్దు మరి" అంది. నేల బూడిదరంగే అని చెప్పాక శాంతించింది.

గడప గురించి ఒక్క మాట. పాత బాత్రూములోకి దిగాలంటే మూడంగుళాల మెట్టు. పడడానికి జారడమే అక్కర్లేదు, రాత్రిపూట ఆ మూడంగుళాలు చాలు. గుంట ఎలాగూ మళ్ళీ నింపుతున్నాం కాబట్టి నేలని పైకి తెచ్చి, తలుపు దగ్గర గదికీ బాత్రూముకీ తేడా అర అంగుళమే ఉంచాం. వాలు సరిగ్గా ఉంటే ఆ అర అంగుళం చాలు, నీళ్ళు గదిలోకి రావు. వాలు మీద నమ్మకం లేనివాళ్ళే గడప ఎత్తుగా కడతారు.

మొత్తం పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ ఐదుగురికి ఒక బాత్రూము. పొద్దున్న తొమ్మిదింటి స్టాండప్ కాల్‌కి నేను ఎలా తయారయ్యానో ఆ పైవాడికే తెలియాలి. నాలుగు నెలల తర్వాత అంకుల్ సీలింగుకి రంగు వేయించారు, ఖర్చు మేమే ఇచ్చాం. ఇంతవరకూ పటం రాలేదు.

అన్నిటికన్నా పెద్ద గొడవ మాత్రం ఒక కడ్డీ గురించి. కమోడ్ పక్కన ఒకటి, షవరు దగ్గర ఒకటి స్టీలు కడ్డీలు పెట్టిద్దామంటే అమ్మ ససేమిరా అంది. "ఆసుపత్రిలో పెట్టినట్టు పెడతావా? నేనేమన్నా రోగిష్టిదాన్నా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. టవల్ రాడ్ ఉంటుంది కదా, కావలిస్తే అది పట్టుకుంటానంది. టవల్ రాడ్ తువ్వాలు బరువుకి పెట్టేది, మనిషి బరువు పడితే స్క్రూలతో సహా ఊడొస్తుంది. ఆ మాట చెబితే వినే స్థితిలో లేదు. చివరికి నాన్న కల్పించుకుని, "ఆ కడ్డీ నాకు కావాలి, నా నడుం సంగతి నీకు తెలుసుగా" అన్నారు. నాన్న నడుముకి ఏమీ లేదు. పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడుస్తారు.

అలా నాన్న పేరు మీద రెండు కడ్డీలు వచ్చాయి. టైల్స్ వెయ్యకముందే గోడలో ఆ జాగాలు గట్టిచేయించి, తర్వాత డైమండ్ బిట్‌తో టైల్‌కి రంధ్రం చేసి యాంకర్ బోల్టులతో బిగించారు. మేస్త్రీ రెండు చేతులతో పట్టుకుని వేలాడి చూపించాడు. అమ్మ ఇప్పటికీ వాటిని మీ నాన్న కడ్డీలు అనే అంటుంది. షవరు దగ్గరి దాని మీద తువ్వాలు ఆరేస్తుంది. కానీ మధ్యలో జానెడు జాగా ఎప్పుడూ ఖాళీగా వదిలిపెడుతోంది, అక్కడ స్టీలు మిగతా కడ్డీ కన్నా మెరుస్తూ ఉంటుంది.